కక్కయ్య కత్తి



మాది బ్రహ్మంగారిమఠం. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్లు కాలజ్ఞానం ఎత్తుకుంటారు. ఫలానాది స్వామి ముందే చెప్పాడంట కదా, ఇంకా ఏమేం జరుగుతాయంట అని. కక్కయ్య గురించి మాత్రం ఒక్కరూ అడగరు. ఇంటిల్లిపాది ఆరోగ్యం గురించి, అందులోనూ చైనా వైద్యం గురించి, ఇంటికొచ్చి నేర్పే యోగా గురించి మాట్లాడమని ఆకాశవాణి నుంచి కబురొచ్చినప్పుడు నాకు ముందు తలపుకొచ్చింది ఆ కక్కయ్యే.

బ్రహ్మంగారి నాటకం చూస్తూ పెరిగినవాళ్లకు ఈ కథ తెలుసు. పోతులూరి వీరబ్రహ్మంగారు ఒకనాడు శిష్యుడు సిద్ధయ్యను ఎదుట కూర్చోబెట్టుకుని దేహం లోపలి సంగతులు చెబుతున్నారు. వెన్ను అడుగు నుంచి పైదాకా చక్రాలున్నాయి, ఒక్కో చక్రం ఒక్కో తామరపువ్వు, ఒక్కో పువ్వులో ఒక్కో దేవత. చెప్పులు కుట్టుకుని బతికే కక్కయ్య చాటున నిలబడి అంతా విన్నాడు. విన్నవాడు ఊరికే ఉండలేకపోయాడు. ఇంటికి పోయాడు. భార్య నిద్రపోతోంది. కత్తి తీసుకుని ఆమె ఒళ్లు కోసి చూశాడు. తామరలు లేవు, దేవతలు లేరు. నెత్తురు, మాంసం, పేగులు. ఈ స్వామి చెప్పిందంతా అబద్ధమని అరుచుకుంటూ మళ్లీ మఠానికి పరుగెత్తాడు. స్వామి వచ్చి ఆమెను బతికించాడు, కక్కయ్య కాళ్లమీద పడ్డాడు. కథ చెప్పేవాళ్లను బట్టి వివరాలు అటూ ఇటూ మారుతాయి గానీ అసలు కథ ఇదే.

నాటకంలో జనం చప్పట్లు కొట్టేది ఆమె లేచి కూర్చున్నప్పుడు. చిన్నప్పుడు నేనూ కొట్టాను. ఇప్పుడు నా మనసు ఇంకో రెండు చోట్ల ఆగుతోంది. ఒకటి, కక్కయ్య పిచ్చివాడు కాదు. ఉందంటున్నావు కదా, చూపించు అన్నాడు. అది అడగవలసిన ప్రశ్నే. రెండోది, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి కత్తి ఎవరిమీద పెట్టాడు? తనమీద పెట్టుకోలేదు. ఇంట్లో నిద్రపోతున్న ఆడమనిషి మీద పెట్టాడు.

చైనాలోనూ ఇలాంటి మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు వాంగ్ చింగ్‌రెన్. 1768లో పుట్టాడు, వృత్తికి వైద్యుడు. పాత గ్రంథాల్లో గుండె ఇక్కడ, కాలేయం అక్కడ అని రాసిన దాంట్లో పొంతన కుదరడం లేదని ఆయనకు గట్టి అనుమానం. 1797లో ఒక ఊళ్లో అంటురోగం వచ్చి పిల్లలు చాలామంది పోయారు. పేదవాళ్లు పైపైన తవ్వి పూడ్చిన శవాలను కుక్కలు బయటికి లాగాయి. ఆయన రోజూ పొద్దున్నే అక్కడికి పోయి, ముక్కు మూసుకుని, చెదిరిపోయిన అవయవాలను చూసి లెక్క రాసుకున్నాడు. ఆ తర్వాత మరణశిక్షలు వేసే చోట్లకూ పోయాడు. వైద్యంలోని తప్పులు దిద్దుతున్నానంటూ 1830లో పుస్తకం వేశాడు. ఆయన చూసినదాంట్లోనూ తప్పులున్నాయి, అది వేరే మాట. చూసి గానీ నమ్మననే పట్టుదల మాత్రం అచ్చం మా కక్కయ్యది.

చైనా వైద్యంలో మనం ప్రాణం అన్నదానికి దగ్గరగా చీ అనే మాట ఉంది. ఆ చీ పన్నెండు ముఖ్యమైన దారుల్లో ఒళ్లంతా తిరుగుతుందని, ఆ దారుల వెంట వందలకొద్దీ మర్మస్థానాలున్నాయని వాళ్ల లెక్క. ఆ దారి ఎక్కడైనా మూసుకుంటే జబ్బు, అక్కడ సూది గుచ్చితేనో వేలితో నొక్కితేనో వేడి తగిలిస్తేనో తెరుచుకుంటుందంటారు. కోసి చూస్తే ఆ దారులూ కనపడవు, మన తామరలూ కనపడవు.

మరి లేనట్టేనా? నేను ఒకటి అడుగుతాను. ఆకాశంలోకి ఎంత ఎత్తు పోయి చూసినా మృగశిర అని జింక తలకాయ దొరకదు. అయినా మన రైతు మృగశిర కార్తె లెక్క చూసుకుని విత్తనం తీస్తాడు. కార్తె అనేది ఎప్పుడేం చేయాలో గుర్తుపెట్టుకోవడానికి మనిషి గీసుకున్న గీత. చక్రాలు, చీ దారులు అలాంటి గీతలే అనుకుంటాను నేను. ఊపిరి ఎక్కడ నిలపాలి, ధ్యాస ఎక్కడ పెట్టాలి, చెయ్యి ఎక్కడ ఆనించాలి అని చెప్పడానికి అవి పనికొస్తాయి. గుండెలో రక్తనాళం పూడుకుపోయిందా లేదా చెప్పడానికి పనికిరావు. కార్తె చూసి విత్తనం వేయొచ్చు గానీ కార్తె చూసి బోరు వేస్తే నీళ్లు పడతాయా?

ఈ చైనా సూది మన దేశానికి ఎట్లా వచ్చిందో చెప్పాలి. 1938లో, జపాను సేనలు చైనా మీద పడ్డప్పుడు, మన కాంగ్రెసు ఐదుగురు డాక్టర్లను అక్కడికి పంపింది. అందులో షోలాపూరుకు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ ఒకరు. గాయపడ్డ సైనికులకు రాత్రీ పగలూ ఆపరేషన్లు చేస్తూ 1942 డిసెంబరులో అక్కడే కన్నుమూశాడు. నిండా 32 ఏళ్లు. ఆ ఐదుగురిలో తిరిగొచ్చిన బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి, ఈసారి ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టాడు. మన దేశంలో ఆ వైద్యానికి వేరు అక్కడే. పశ్చిమ బెంగాల్ దానికి 1996లో చట్టం చేసింది, మహారాష్ట్ర 2015లో. కేంద్రం 2019లో దాన్ని ఒక ప్రత్యేక చికిత్సగా గుర్తించింది. కత్తి పట్టుకుని పోయిన డాక్టరు సూది పట్టుకుని వచ్చాడన్నమాట.

అంతకు వెయ్యేళ్లకు ముందే మన సూది ఒకటి అటు పోయింది. కంట్లో శుక్లాన్ని సూదితో పక్కకు నెట్టే విద్య భారతదేశం నుంచి బౌద్ధుల వెంట చైనా చేరింది. కంటి జబ్బుల మీద ఆచార్య నాగార్జునుడి పేరుతోనే అక్కడ ఒక గ్రంథం ఉండేది. కృష్ణ ఒడ్డున ఎవరి పేరు మీద కొండ ఉందో ఆ నాగార్జునుడే. తొమ్మిదో శతాబ్దపు పెద్ద కవి బై జూయీ తన కంటి బాధను చెప్పుకుంటూ ఆ గ్రంథాన్నీ ఆ సూదినీ తలచుకున్నాడు. కాబట్టి చైనా వైద్యం అనగానే ఎక్కడిదో పరాయిదని ముఖం చిట్లించనక్కర లేదు. ఇచ్చిపుచ్చుకోవడాలు పాతవే.

వంటింట్లోకే పోదాం. మీ పోపులపెట్టె పక్కన ఎక్కడో కరక్కాయ ఉంటుంది. దగ్గు పట్టుకుంటే చిన్న ముక్క కొట్టి బుగ్గన పెట్టుకోమంటుంది అవ్వ. మొదట నోరంతా పిడచకట్టుకుపోయేంత వగరు, ఆ వగరు మింగుతూ మింగుతూ ఉంటే కాసేపటికి లాలాజలంలో ఎక్కడో తీపి తగులుతుంది. రాత్రంతా పద్యాలు పాడే నాటకాలవాళ్ల బుగ్గల్లోనూ ఇదే ఉండేది. చైనాలోనూ కరక్కాయ ఇచ్చేది దగ్గుకు, బొంగురుపోయిన గొంతుకు, ఆగని విరేచనాలకే. వాళ్ల పాత పుస్తకాల్లో దాని పేరు హెలీలె. మన హరీతకి పర్షియా వాళ్ల నోట నలిగి నలిగి అక్కడికి పోయేసరికి అట్లా అయింది. పిప్పళ్లను వాళ్లు బీబో అంటారు. అదీ మన పిప్పలే. మైదుకూరు చేలలో పండే పసుపును మనం సున్నంతో కలిపి, వెచ్చచేసి బెణుకు మీద పట్టు వేస్తాం. వాళ్లు భుజం నొప్పికి ఇచ్చే మందుల్లో పసుపు కలుపుతారు. మన లంకమల, పాలకొండల ఎర్రచందనాన్ని మన అవ్వలు సానరాయి మీద అరగదీసి వాపులకు రాసేవాళ్లు. చైనా పాత మందుల పుస్తకాల్లోనూ అది వాపులకే. కాకపోతే అక్కడి రాజులకు దాంతో కుర్చీలు, మంచాలు చేయించుకోవాలని పుట్టింది మోజు. 1999లో బీజింగ్‌లో అచ్చంగా ఎర్రచందనం కోసం మ్యూజియమే కట్టారు. మన కొండల్లో దుంగలు ఎందుకు మాయమవుతున్నాయో నేను వేరే చెప్పాలా?

మాచిపత్రి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. వినాయక చవితి నాడు 21 పత్రుల్లో మొదటిది అదే. ఆకు నలిపితే ఒకరకం ఘాటైన వాసన. ఆ చెట్టుకు దాయాది వరసైన ఇంకో చెట్టు ఆకును ఎండబెట్టి, దూదిలా దంచి, చుట్టచుట్టి, నిప్పంటించి, నొప్పి ఉన్నచోట చర్మానికి కాస్త ఎడంగా పట్టుకుని కాపడం పెట్టడం చైనా వైద్యంలో పెద్ద అంగం. అదే కుదురులో పుట్టిన మూడో చెట్టు మలేరియాకు మందిచ్చింది. తు యూయూ అనే చైనా శాస్త్రవేత్తకు 2015లో నోబెల్ వచ్చింది దానికే. నాలుగో శతాబ్దంలో గే హోంగ్ అనే ఆయన రాసిన చిట్కాల పుస్తకంలో, ఆ ఆకును నీళ్లలో నానబెట్టి పిండి తాగమని ఉంది. కాచమని లేదు. ఆమెకు ఆ ముక్క దగ్గర వెలిగింది. అప్పటిదాకా అందరూ కాచి చూస్తున్నారు, వేడికి సారం చెడిపోతోంది. ఈథర్ వేసి తక్కువ వేడిలో తీసింది. మందు పనిచేసింది.

ఆ తర్వాత ఆమె చేసినదే నేను మీకు చెప్పదలచుకున్నది. రోగులకు ఇవ్వడానికి ముందు, 1972లో, ఆ మందు మనిషికి హాని చేస్తుందా లేదా అని చూడాలి. ఆమె, ఆమె సహచరులు ముందు తామే మింగారు. ఆమె కత్తిని తనమీద పెట్టుకుంది. అయితే ఒక మాట, మాచిపత్రి మలేరియా మందు కాదు. కుదురు ఒకటైనంత మాత్రాన గుణం ఒకటి కాదు. చవితి పత్రి తెచ్చి కాచి తాగకండి.

గుణం ఒకటి కాదనడానికి ఇంకా చేదు రుజువు ఉంది. 1990ల మొదట్లో బెల్జియంలో, బ్రస్సెల్స్‌లో ఒక చోట ఒళ్లు తగ్గడానికని ఆడవాళ్లకు చైనా మూలికల మాత్రలు ఇచ్చారు. అందులో వేయవలసిన మూలిక బదులు, చైనా భాషలో దాదాపు అదే పేరున్న వేరే మూలిక పడింది. వందమందికి పైగా ఆడవాళ్ల కిడ్నీలు చెడిపోయాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా వచ్చింది. ఆ విషం పేరు అరిస్టోలోకిక్ ఆమ్లం. ఎక్కడి బెల్జియం, ఎక్కడి మనం అనుకునేరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేలలో నేలకు పాకి పెరిగే కలుపు మొక్క ఉంటుంది, ఆకు చిన్న మూత్రపిండం ఆకారంలో బూడిదరంగుగా, పట్టుకుంటే వికారపు వాసన. గాడిదగడపాకు. పిల్లల కడుపులో పురుగులు పోవడానికని దాని పసరు పోసే అలవాటు పల్లెల్లో ఉండేది. అది ఆ విషపు కుటుంబంలోదే. పాముకాటుకని కొందరు దాచిపెట్టుకునే ఈశ్వరి వేరూ ఆ కుటుంబమే. మన పెద్దవాళ్లు ఇచ్చారు కదా, ఏమీ కాలేదు కదా అంటారు. ఇది తాగిన రోజే చంపే విషం కాదు. కిడ్నీలో కూర్చుని ఏళ్ల తర్వాత లెక్క అడుగుతుంది. అప్పుడు గాడిదగడపాకు ఎవరికి గుర్తుంటుంది?

వేలితో నొక్కే వైద్యం మాత్రం నాకు ఇష్టం. ఒకసారి కడప నుంచి రాయచోటికి బస్సులో పోతున్నాను, గువ్వలచెరువు ఘాట్ మలుపుల్లో ముందు సీటు పిల్లవాడికి కడుపులో తిప్పడం మొదలైంది. వాళ్లమ్మ కొంగు అడ్డం పెట్టి కూర్చుంది. వాడి మణికట్టు మడత నుంచి మూడు వేళ్లు పైకి, రెండు నరాల మధ్య గుంటలో నా బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కాను. వాంతి కాలేదు. అయితే నేను నొక్కుతూ ఉండగానే ఘాట్ కూడా అయిపోయింది. దేనివల్ల ఆగిందో ప్రమాణం చేసి చెప్పలేను. ఆపరేషన్ల తర్వాత వచ్చే వికారానికి ఈ చోటు పనికొస్తుందని మాత్రం చాలా పరీక్షల్లో తేలింది. ఖర్చు లేదు, నష్టం లేదు, నేర్చుకోండి. సూదుల దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. సూది ప్యాకెట్టు మీ కళ్లముందు చింపాలి, వాడింది మీ కళ్లముందు పారేయాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే కామెర్ల వైరస్ ఎక్కుతుంది. ఛాతీ మీద లోతుగా దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడిన సందర్భాలున్నాయి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎక్కడ నేర్చుకున్నావు నాయనా అని అడగడానికి మొహమాటపడకండి.

ఇక యోగా. యోగం మనకు వేమన ఊరిది, బ్రహ్మంగారి ఊరిది. కడపలో విశ్వవిద్యాలయానికే యోగి వేమన పేరు. 2025 జూన్ 21న విశాఖ సముద్రం ఒడ్డున లక్షల మంది ఒకేసారి ఆసనాలు వేశారు, టీవీలో చూసే ఉంటారు. నేను చెప్పబోయేది అంత పెద్ద యోగా కాదు. ప్రొద్దుటూరులో ఒక చుట్టాల ఇంట్లో చూసినది.

తెల్లవారి ఐదున్నరకు యోగా మాస్టరు వచ్చాడు. నెల లెక్కన ఇంటికొచ్చి నేర్పుతాడు. హాల్లో నాలుగు చాపలు. పెద్దాయన, ఆయన కొడుకు, ఇద్దరు పిల్లలు. అందరూ ఊపిరి పీలుస్తున్నారు, వదులుతున్నారు. వంటింట్లో ఇడ్లీ పాత్ర మూత దడదడ కొట్టుకుంటోంది. కోడలు చట్నీకి పోపు వేస్తోంది. నేను లోపలికి పోయి, నువ్వు రావా అమ్మా అన్నాను. "నేనూ చాప పరుచుకుంటే బస్సు టైముకు పిల్లల బాక్సులు ఎవరు సర్దుతారు అత్తా?" అంది, నవ్వుతూనే. ఆ ఇంట్లో నడుము నొప్పి ఉన్నది ఎవరికనుకున్నారు? ఆమెకే. మెట్లెక్కితే మోకాలు పట్టుకునేది పెద్దావిడకు. ఆమె పూలు కోసుకుంటూ అదంతా మగవాళ్లకు, పిల్లలకు అంది. ఫీజు కట్టేది కుటుంబానికి, చాపలు పరిచేది సగం కుటుంబానికి.

నేనేమంటానంటే, ఇంటికొచ్చే మాస్టరును పెట్టుకున్నవాళ్లు మొదటి చాప కోడలికి వేయండి. ఆ అరగంట ఇడ్లీ దింపే పని కొడుకు చూసుకుంటాడు. పెద్దావిడకు చాప అక్కర్లేదు. కుర్చీ గోడకు ఆనించి వేసి, చేతులు తిప్పడం, మడమలు లేపి దించడం, కుర్చీలోంచి చెయ్యి ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం చాలు. చైనాలో ముసలివాళ్లు పార్కుల్లో మెల్లగా, నీళ్లలో నడిచినట్టు చేసే తాయ్‌చీ ఉంది చూడండి, పెద్దవయసువాళ్లు కిందపడటాన్ని అది తగ్గిస్తుందని గట్టిగా తేలింది. ఒంటికాలి మీద బరువు మార్చుకునే అభ్యాసమే దాని కిటుకు. ద్వారబంధం పట్టుకుని మన అవ్వ కూడా చేసుకోవచ్చు.

మాస్టరు అందరికీ ఒకే వరస చెబుతున్నాడంటే అనుమానించండి. బీపీ ఎక్కువున్నవాళ్లకు, కంట్లో నీటికాసుల జబ్బు ఉన్నవాళ్లకు, మెడ అరిగినవాళ్లకు శీర్షాసనం, సర్వాంగాసనం వద్దు. గర్భిణికి, హెర్నియా ఉన్నవాళ్లకు, గుండె జబ్బువాళ్లకు కపాలభాతి వద్దు. మొదటిరోజు ఇంట్లో ఎవరెవరికి ఏమేం జబ్బులున్నాయి, ఏం మాత్రలు వేసుకుంటున్నారు అని అడిగి రాసుకున్నవాడు మంచి మాస్టరు. అడగకుండా మొదలుపెట్టినవాడు ఎంత వంగగలిగినా నాకు అక్కర్లేదు. ఆయుష్ శాఖ కింద యోగా సర్టిఫికేషన్ బోర్డు ఉంది, ఆ కాగితం ఉందా అని అడగొచ్చు.

సుగరు మాత్రలు మానేయండి, నలభై రోజుల్లో నయం చేస్తాను అన్న యోగా మాస్టరునైనా, మూలికల వైద్యుడినైనా, నాడి పట్టి జాతకమంతా చెప్పేవాడినైనా గడప దగ్గరే నమస్కారం పెట్టి పంపించండి. యోగాతో సుగరు అదుపులోకి రావడానికి సాయం ఉంటుంది. రక్తపరీక్ష చూసి మాత్ర తగ్గించవలసింది డాక్టరు. మా వాళ్లలో ఒకాయన ఇట్లాంటి మాట నమ్మి ఇన్సులిన్ ఆపేశాడు. కాలి వేలు పోయింది. ఆ మాట చెప్పినవాడు ఆ తర్వాత మా వీధిలో కనపడలేదు.

డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఇంట్లో వాడుతున్న పొడులు, లేహ్యాలు, చైనా మాత్రలు, యూట్యూబులో చూసి కాచుకున్న కషాయాలు అన్నీ ఒక సంచిలో వేసుకుపోండి. దాచకండి. డాక్టరు చిరాకు పడితే పడతాడు. కిడ్నీ పరీక్ష రాయాలా వద్దా ఆయనకు తెలియాలంటే ఆ సంచి కావాలి.

కక్కయ్య భార్య పేరు కథ చెప్పేవాళ్లు చాలామంది చెప్పరు. ఆమెను బతికించడానికి ఆ రోజు స్వామి పక్కనే ఉన్నాడు. మన ఇళ్లల్లో మూతి ఒక పక్కకు వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా, ఛాతీలో బరువు భుజంలోకి పాకినా, మర్మస్థానాలు వెతక్కండి, ప్రాణాయామం చేయించకండి, కషాయం కాచకండి. ఫోను తీసి 108 కొట్టండి. ఆ అంకె ఇప్పుడే, ఈ ప్రసంగం అయ్యేలోపే, వంటింటి గోడమీద పెద్దగా రాయించండి, చదువురాని అవ్వకు కూడా చూపించి నేర్పండి.